ర్యాంకింగుల్లో పేరు లేని హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాడి కాలేజీ స్థాయిని అంచనా వేయడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా డల్లాస్ శివార్లు, న్యూజెర్సీ, బే ఏరియా వంటి చోట్ల, పిల్లలు స్కూలు జట్లలో బాస్కెట్‌బాల్ ఆడడం ఇప్పుడు మామూలు సంగతి. వారి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "మా వాడు జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేస్తున్నాడు. అయినా ఏ ర్యాంకింగులోనూ పేరు లేదు, ఏ కాలేజీ కోచ్ నుంచీ కబురు లేదు. వాడిని ఎవరూ గుర్తించలేదా, లేక మేమే ఎక్కువ ఊహించుకుంటున్నామా?" ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు ఇంట్లోనే రాబట్టవచ్చు. అందుకు ఏం చేయాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. అబ్బాయిలకూ అమ్మాయిలకూ పద్ధతి ఒకటే. తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

ముందుగా ర్యాంకింగుల సంగతి తేల్చుకోవాలి. ప్రముఖ జాబితాలు ఒక్కో ఏడాదికి వందా నూటయాభై పేర్ల దగ్గర ఆగిపోతాయి. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లున్నాయి, అన్నిటికంటే పైది డివిజన్ 1. ఆ మూడింటిలో కలిపి పురుషుల జట్లలో ఆడేవారు 18 వేలకు పైగా ఉంటారు. కాబట్టి జాబితాలో పేరు లేకపోవడం కాలేజీలో ఆడలేడనడానికి రుజువు కాదు. అలాగని దారి విశాలంగా ఉందనీ అనుకోకూడదు: ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం హైస్కూల్లో ఆడే అబ్బాయిల్లో నూటికి సుమారు మూడున్నర మందే ఏదో ఒక డివిజన్‌లో ఆడగలుగుతున్నారు, డివిజన్ 1కు చేరేది నూటికి సుమారు ఒక్కరు. అమ్మాయిల్లో ఈ నిష్పత్తి కాస్త మెరుగ్గా ఉంటుంది.

కావలసినవి

- మూడు పూర్తి ఆటల వీడియోలు. హైలైట్ వీడియోలు పనికిరావు. మూడింటిలో ఒకటి బలమైన జట్టుతో ఆడినది, ఒకటి ఓడిపోయినది అయి ఉండాలి.
- సీజన్ మొత్తం గణాంకాలు: ఆడిన నిమిషాలు, వేసిన షాట్లు, పడిన షాట్లు, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా దొరికే అడ్డులేని షాట్లు), అసిస్టులు (స్కోరుకు దారితీసిన పాస్‌లు), టర్నోవర్లు (బంతి ఎదుటివారికి పోగొట్టుకోవడం), స్టీల్స్ (ఎదుటివారి నుంచి బంతి లాక్కోవడం), బ్లాకులు (ఎదుటివారి షాట్‌ను గాల్లో అడ్డుకోవడం). హైస్కూల్ క్రీడల గణాంకాల వెబ్‌సైట్ మ్యాక్స్‌ప్రెప్స్‌లో ఇవి తరచుగా అసంపూర్ణంగా ఉంటాయి కాబట్టి వీడియో చూసి మీరే లెక్క రాసుకోవడం నయం.
- కొలత టేపు, నేలకు అంటించే టేపు, ఒక గోడ.
- పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఎత్తులు, పిల్లల డాక్టర్ దగ్గరున్న ఎదుగుదల రికార్డు.
- తొమ్మిదో తరగతి నుంచి ఇప్పటివరకు వచ్చిన మార్కుల పత్రం.
- మీ పిల్లవాడిని పొగిడినందువల్ల ఏ లాభమూ లేని, ఆట తెలిసిన మనిషి ఒకరు. అన్నిటికంటే దొరకడం కష్టమైనది ఇదే. డబ్బు తీసుకుని శిక్షణ ఇచ్చే వ్యక్తిగత కోచ్ ఈ లెక్కలోకి రాడు.

1. గుర్తింపు రాకపోవడానికి కారణం వెతకండి

మిగతా అంచెలన్నీ దీని మీదే ఆధారపడతాయి, అందుకే ఇక్కడ తొందరపడకండి. నిజంగా తక్కువ అంచనాకు గురైన ప్రతి ఆటగాడి వెనుక పేరు పెట్టి చెప్పగల కారణం ఒకటి ఉంటుంది. ఎంత వెతికినా అలాంటి కారణం దొరకలేదంటే, కోచ్‌ల అంచనా తప్పు కాదని, అది సరైనదేనని ఒప్పుకోవడం మంచిది.

ఈ అంచెలో ఉదాహరణగా చెప్పే ఆటగాళ్ళందరూ తర్వాత అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకు చేరినవారే. మొదటి కారణం ఆలస్యంగా ఎదగడం. సీజే మెకాలమ్ ఒహాయోలోని క్యాంటన్‌లో హైస్కూల్లో చేరినప్పుడు అయిదడుగుల రెండంగుళాలే ఉన్నాడు. పెద్ద కాలేజీలు పట్టించుకోలేదు. లీహై అనే చిన్న విశ్వవిద్యాలయంలో చేరి, 2012 ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో పేరుమోసిన డ్యూక్ జట్టును ఓడించిన ఆటలో 30 పాయింట్లు చేశాడు. ఆంథొనీ డేవిస్ చికాగోలో ఒక చిన్న చార్టర్ స్కూల్లో గార్డ్‌గా (బుట్టకు దూరంగా ఉండి బంతిని నడిపే ఆటగాడిగా) ఆడుతూ ఉండగా కొద్ది కాలంలోనే సుమారు ఎనిమిది అంగుళాలు పెరిగాడు. పొట్టిగా ఉన్నప్పుడు నేర్చుకున్న బంతి నియంత్రణ పొడుగు వచ్చాక కూడా అతనితోనే ఉండిపోయింది. కొలరాడోకు చెందిన డెరిక్ వైట్ హైస్కూలు ముగిసేనాటికి ఆరడుగుల దగ్గరే ఉండడంతో డివిజన్ 2 కాలేజీలో చేరి, ఎత్తు పెరిగాక కొలరాడో విశ్వవిద్యాలయానికి మారి, 2017లో ఎన్‌బీఏకు ఎంపికయ్యాడు.

రెండోది కోచ్‌ల కంట పడే చోట ఆడకపోవడం. జా మొరాంట్ దక్షిణ కరోలినాలో ఒక శిబిరంలోని పక్క జిమ్‌లో ఆడుతుండగా, తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అటుగా వెళ్ళిన ముర్రే స్టేట్ విశ్వవిద్యాలయం సహాయ కోచ్ చూడడం వల్ల వెలుగులోకి వచ్చాడు. ఆ కోచ్ అసలు వెళ్ళింది వేరొకరి ఆట చూడడానికి. ఓక్‌లాండ్‌కు చెందిన డేమియన్ లిలర్డ్ హైస్కూళ్ళు మారుతూ, ఒక చోట సరిగా ఆడే అవకాశమే రాక, చివరికి యూటాలోని వీబర్ స్టేట్‌లో చేరాడు.

మూడోది శరీరం. స్టెఫెన్ కరీ తండ్రి డెల్ కరీ ఎన్‌బీఏ ఆటగాడు, పైగా వర్జీనియా టెక్ పూర్వ విద్యార్థి. అయినా ఆ కాలేజీ కొడుక్కి స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరమనే చెప్పింది. సన్నటి శరీరం చూసి వెనకాడారు, అతను డేవిడ్‌సన్‌కు వెళ్ళాడు. గాయం వల్ల ముఖ్యమైన వేసవి పోవడం, ముగ్గురు నలుగురు మంచి ఆటగాళ్ళున్న జట్టులో చిన్న పాత్ర దొరకడం, తరగతిలో అందరికంటే చిన్న వయసు కావడం కూడా సరైన కారణాలే. పిల్లలను ఒక తరగతి ముందుకు దూకించే అలవాటు మన కుటుంబాల్లో కొందరికి ఉంది. చదువులో అది గొప్పగా కనిపించినా, కోర్టులో పదహారేళ్ళవాడు పద్దెనిమిదేళ్ళవాడితో తలపడవలసి వస్తుంది.

ఇక అందరికీ వర్తించే కారణం ఒకటుంది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ఆన్‌లైన్ జాబితా, మొదలైంది. 2021 నుంచి కాలేజీ మారిన ఆటగాళ్ళు ఏడాది ఆగకుండా వెంటనే ఆడే వీలు వచ్చింది. దాంతో డివిజన్ 1 కోచ్‌లు పదిహేడేళ్ళ కుర్రవాడికంటే ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ అనుభవజ్ఞుడినే తీసుకోవడానికి మొగ్గు చూపుతున్నారు. పదేళ్ళ క్రితం చిన్న డివిజన్ 1 కాలేజీ నుంచి ఆఫర్ వచ్చి ఉండే పిల్లవాడికి ఈ రోజు ఏమీ రాకపోవచ్చు. ఇది అతని లోపం కాదు, కానీ అంచనాలో దీన్ని కలుపుకోక తప్పదు.

ఈ అంచె సరిగా చేశారో లేదో చూసుకోవడానికి, కారణాన్ని తేదీతోనో కొలతతోనో ఒకే వాక్యంలో రాయండి. "పదో తరగతి నుంచి నాలుగంగుళాలు పెరిగాడు, ఆ తర్వాతి వేసవిలో ఏ టోర్నమెంటూ ఆడలేదు" అన్నది కారణం. "స్కూలు కోచ్‌కు మావాడంటే పడదు" అన్నది చాలా ఇళ్ళలో వినిపించే మాటే గానీ, దాన్ని కారణంగా తీసుకోవాలంటే ఇతర జట్టుతో ఆడినప్పుడు ఆట మెరుగ్గా ఉన్నట్టు వీడియో చూపించాలి.

2. కొలతలు నిజాయితీగా తీసుకోండి

బూట్లు విప్పించి, మడమలు గోడకు ఆనించి ఎత్తు కొలవండి. తర్వాత చేతులు రెండు పక్కలకూ చాపించి వేలి కొన నుంచి వేలి కొన వరకు ఉన్న దూరం తీసుకోండి. కోచ్‌లు దీన్నే వింగ్‌స్పాన్ అంటారు. మూడో కొలత పాదాలు నేలపై పూర్తిగా ఆనించి ఒక చెయ్యి పైకి చాపినప్పుడు అందే ఎత్తు. రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) అందుకునేదీ షాట్‌ను అడ్డుకునేదీ చెయ్యే కాబట్టి, తల ఎత్తుకంటే ఈ మూడో కొలత ఎక్కువ చెబుతుంది. ఎత్తుకంటే వింగ్‌స్పాన్ నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఉంటే, ఆ పిల్లవాడిని ఒక అంగుళం రెండంగుళాలు పొడుగున్నవాడిగా భావించినా తప్పులేదు.

ఇంకా ఎంత పెరుగుతాడన్నదానికి డాక్టర్లు వాడే సులువైన లెక్క ఒకటుంది. తల్లిదండ్రుల ఎత్తులను సెంటీమీటర్లలో కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసివేసి, వచ్చినదాన్ని రెండుతో భాగించాలి. తండ్రి 175, తల్లి 160 అయితే అబ్బాయికి 174 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు వస్తుంది. దీనికి ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. లెక్క కంటే ఎదుగుదల రికార్డు నమ్మదగినది: గత ఏడాదిలో ఒక సెంటీమీటరు కూడా పెరగకపోతే, పెరుగుదల దాదాపు ముగిసినట్టే. ఎముకల వయసు తెలిపే మణికట్టు ఎక్స్‌రే గురించి పిల్లల డాక్టర్‌ను అడగవచ్చు గానీ, కేవలం ఆట కోసం పట్టుబట్టి తీయించకండి. పొడుగు పెంచుతామని అమ్మే పొడులు, మాత్రల జోలికి అసలు వెళ్ళకండి. వాటిలో కొన్నిటివల్ల ఎన్‌సీఏఏ డ్రగ్ పరీక్షలో పట్టుబడే ప్రమాదం కూడా ఉంది.

కాలేజీ వెబ్‌సైట్లలో ఆటగాళ్ళ ఎత్తులు తరచుగా బూట్లతో కలిపి, పైకి సవరించి వేస్తారు. మీ టేపు కొలతను ఆ అంకెలతో పోల్చేటప్పుడు ఒక అంగుళం వెసులుబాటు ఇవ్వండి.

3. గణాంకాలను సరిచేసి చదవండి

ఆటకు ఎన్ని పాయింట్లు అన్నది అన్ని అంకెల్లోనూ తక్కువ ఉపయోగపడేది. ఎన్ని ప్రయత్నాల్లో చేశాడన్నది ముఖ్యం. దానికి ట్రూ షూటింగ్ శాతం లెక్కించండి: ఫ్రీ త్రో ప్రయత్నాలను 0.44తో గుణించి, మామూలు షాట్ ప్రయత్నాలకు కలిపి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దానితో భాగించాలి. ఆటకు 16 షాట్లు, 6 ఫ్రీ త్రోలు వేసి 18 పాయింట్లు చేసినవాడికి 48 శాతం వస్తుంది. 8 షాట్లు, 3 ఫ్రీ త్రోలతో 12 పాయింట్లు చేసినవాడికి 64 శాతం వస్తుంది. స్థానిక పత్రికలో ఫొటో మొదటివాడిదే పడుతుంది, కాలేజీ కోచ్ మాత్రం రెండోవాడి గురించి ఆరా తీస్తాడు.

తర్వాత అన్ని అంకెలనూ 32 నిమిషాలకు మార్చుకోండి, ఎందుకంటే చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ ఆట ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలు. 18 నిమిషాలు ఆడి 9 పాయింట్లు చేసిన పిల్లవాడు ఈ లెక్కలో 16 చేసినట్టు. అయితే తక్కువ నిమిషాలు ఆడేవారికి ఎదుటి జట్టు రెండో వరుస ఆటగాళ్ళే తగులుతారు కాబట్టి ఈ అంకెను పూర్తిగా నమ్మకండి.

ఫ్రీ త్రో శాతాన్ని ప్రత్యేకంగా చూడండి. కాలేజీలో త్రీ పాయింటర్లు ఎలా వేస్తాడన్నది హైస్కూల్ త్రీ పాయింట్ శాతం కంటే ఫ్రీ త్రోలే తరచుగా బాగా సూచిస్తాయి, ఎందుకంటే అక్కడ దూరం, అడ్డు మారవు, ప్రయత్నాలూ ఎక్కువ. 60 త్రీ పాయింటర్లలో 36 శాతం వేసినవాడి అసలు నైపుణ్యం 30 అయినా కావచ్చు, 42 అయినా కావచ్చు. అంత చిన్న సంఖ్యపై నిర్ణయం కట్టకూడదు. పైగా హైస్కూల్లో త్రీ పాయింట్ గీత 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటే, కాలేజీలో పురుషులకూ స్త్రీలకూ కూడా 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాల దూరంలో ఉంది.

అందుకని ఒక పరీక్ష పెట్టండి. జిమ్ నేలపై ఆ దూరంలో టేపు అంటించి, కోర్టు ఒక కొన నుంచి మరో కొనకు పరుగెత్తించి, అలసట ఉండగానే ఇరవై షాట్లు వేయించండి. అలా అయిదుసార్లు, స్థానాలు మారుస్తూ, కదులుతూ పాస్ అందుకుని వేయాలి. ఎవరూ అడ్డు లేనప్పుడు నూటికి 60 కూడా పడకపోతే, కోచ్‌లకు రాసే ఈమెయిల్‌లో "షూటర్" అన్న మాట వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒక్కరోజు ఫలితం చాలదు, వారం వ్యవధి ఇచ్చి మళ్ళీ చేయించండి. అమ్మాయిలకైతే 28.5 అంగుళాల చుట్టుకొలత గల బంతితోనే పరీక్షించాలి.

స్టీల్స్, బ్లాకులు, ఎదుటి బుట్ట దగ్గర తీసుకున్న రీబౌండ్లు కలిపి చూస్తే శరీర వేగం, చురుకుదనం బయటపడతాయి. గార్డ్ అయితే ప్రతి టర్నోవర్‌కు ఎన్ని అసిస్టులున్నాయో చూడండి. హైస్కూల్లోనే ఆ నిష్పత్తి ఒకటికి తక్కువగా ఉంటే, కాలేజీ రక్షణ ముందు బంతి అప్పగించడానికి ఏ కోచ్ అయినా జంకుతాడు.

4. మూడు ఆటలూ ఒక్కొక్కటి మూడుసార్లు చూడండి

మొదటిసారి బంతి అతని చేతిలో లేని క్షణాలు మాత్రమే చూడండి. రెండోసారి రక్షణ, మూడోసారి మాత్రమే బంతితో ఆడే ఆట. ఈ వరుస మార్చకండి. పడిన షాట్లు ముందు చూస్తే కన్ను మెచ్చుకోలులో పడి మిగతాది వదిలేస్తుంది.

బంతి లేనప్పుడు నిలబడి చూస్తున్నాడా, ఖాళీ చోటుకు కదులుతున్నాడా? బంతి అందగానే షాటా, పాసా, డ్రైవా (బుట్ట వైపు దూసుకెళ్ళడమా) అన్నది ఎంతసేపట్లో తేలుస్తున్నాడు? కాలేజీలో షాట్ గడియారం (జట్టు షాట్ వేయడానికి ఉన్న గడువు) 30 సెకండ్లే, చాలా హైస్కూళ్ళలో అది అసలు ఉండదు. బంతి పట్టుకుని నాలుగైదు డ్రిబుల్స్ చేస్తే గానీ నిర్ణయం రాని పిల్లవాడికి అక్కడ ఊపిరాడదు.

రక్షణలో చూడవలసినవి ఇంకా ఎక్కువ. షూటర్ మీదికి పరుగెత్తి వెళ్ళినప్పుడు చివరి రెండడుగుల్లో వేగం తగ్గించి అదుపులో నిలబడుతున్నాడా, లేక దాటిపోతున్నాడా? స్క్రీన్ (దారికి అడ్డుగా నిలబడిన ఎదుటి జట్టు ఆటగాడు) తగిలినప్పుడు దాన్ని చుట్టుకుని బయటపడుతున్నాడా, అక్కడే ఆగిపోతున్నాడా? సహచరులకు నోరు విప్పి చెబుతున్నాడా? బంతి పోగొట్టుకున్న వెంటనే మొదటి మూడడుగులు ఎటు వేస్తున్నాడు? తల వేలాడదీసి రిఫరీ వైపు తిరిగాడా, వెనక్కి పరుగెత్తాడా? చాలామంది కోచ్‌లు స్కోరు కంటే ముందు దీన్నే రాసుకుంటారు.

ఒక్క నైపుణ్యం కూడా జట్టులో స్థానం సంపాదించి పెట్టగలదు. భారతీయ సంతతికి చెందిన వరుణ్ రామ్ అయిదడుగుల తొమ్మిదంగుళాల గార్డ్. డివిజన్ 3 ట్రినిటీ కాలేజీలో మొదలుపెట్టి, స్కాలర్‌షిప్ లేని ఆటగాడిగా మేరీలాండ్‌కు మారాడు. 2015 ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో వాల్పరైజోపై చివరి క్షణాల్లో రక్షణ కోసం కోచ్ అతన్నే కోర్టులోకి పంపాడు. ఎదుటివారికి చివరి షాట్ వేసే వీలు దొరకలేదు, మేరీలాండ్ 65-62తో గెలిచింది.

ఈ అంచెలో అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు స్థానం గురించినది. ఆరడుగుల మూడంగుళాల అబ్బాయి చిన్న స్కూల్లో బుట్ట కింద సెంటర్‌గా (సాధారణంగా జట్టులో అందరికంటే పొడుగైన ఆటగాడి స్థానంలో) ఆడి, ఆటకు పన్నెండు రీబౌండ్లు తీస్తాడు. కాలేజీలో అతను సెంటర్ కాలేడు, గార్డ్‌గానే ఆడాలి. కాబట్టి ఆ రీబౌండ్లను దాదాపుగా పక్కనపెట్టి, బంతిని వేగంగా నడపగలడా, ఎడమ చేతితో డ్రైవ్ చేయగలడా, బయటి నుంచి షాట్ వేయగలడా, తన కంటే పొట్టి వాడైన, వేగవంతుడైన గార్డ్‌కు అడ్డు నిలబడగలడా అన్నవే చూడాలి. వీడియోలో ఆ సందర్భాలు అసలు లేకపోతే "తెలియదు" అని రాసుకోండి. తెలియని చోట మంచి మార్కు వేయకండి.

ఫలితం సరిచూసుకోవడానికి, ఆట తెలిసిన ఆ బయటి మనిషికి వీడియో ఇచ్చి, మీ పిల్లవాడు ఎవరో చెప్పకుండా, "ఈ రెండు జట్లలో కాలేజీలో ఆడగలిగేవారు ఎవరు?" అని అడగండి. అతను వేరే ఇద్దరి పేర్లు చెబితే, వాదించకుండా ఎందుకో రాసుకోండి.

5. ఎదురైన పోటీని విడదీయండి

సీజన్ గణాంకాలను రెండు కుప్పలు చేయండి: బలమైన జట్లతో ఆడినవి, మిగతావి. బలమైన జట్లపై ట్రూ షూటింగ్ బాగా పడిపోయి టర్నోవర్లు పెరిగితే, మొత్తం సగటు మిమ్మల్ని మోసం చేస్తోందన్నమాట. ఇంకా మంచి కొలబద్ద ఒకటుంది: మీ పిల్లవాడు ఎదురుగా ఆడినవారిలో ఇప్పటికే కాలేజీలకు ఎంపికైనవారిని గుర్తించి, వారు ఇతన్ని కాపలా కాసిన, వారిని ఇతను కాపలా కాసిన నిమిషాలను మాత్రమే చూడండి. ఇరవై నిమిషాల అలాంటి వీడియో సీజన్ మొత్తం గణాంకాల కంటే ఎక్కువ చెబుతుంది.

నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్ నడిపే వేసవి లీగుల్లో ఆడితే కోచ్‌లకు కనబడడం సులువే. అయితే ఖరీదైన ప్రయాణాలు చేసి, పెద్ద పేరున్న జట్టులో ఆటకు ఆరు నిమిషాలు ఆడేకంటే, ఏప్రిల్, జూలై నెలల్లో కోచ్‌లకు అనుమతి ఉన్న వారాంతాల్లో జరిగే ఓ మోస్తరు టోర్నమెంట్‌లో పాతిక నిమిషాలు ఆడడం మేలు.

6. చదువు అర్హత

ఇది చిన్న అంచె. డివిజన్ 1కు 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్య పాఠ్యాంశాలు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి, డివిజన్ 2కు 2.2 చాలు. డివిజన్ 1కు ఆ పదహారులో పది కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపు, వాటిలో ఏడు ఇంగ్లీషు, గణితం, సైన్సుల్లో పూర్తి కావాలి. 2023 నుంచి ఎన్‌సీఏఏ తన అర్హతకు ఎస్ఏటీ, ఏసీటీ అడగడం లేదు, కాలేజీ ప్రవేశానికి మాత్రం అవి అవసరం కావచ్చు. హెచ్చరిక ఒకటే: తొమ్మిదో తరగతి మొదలైన నాటి నుంచే ఈ కోర్సులు ముగించడానికి ఎనిమిది సెమిస్టర్ల గడువు నడుస్తుంది. ఎత్తు పెరుగుతాడని పదకొండో తరగతి మళ్ళీ చదివించాలనుకునేవారు ముందు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ నియమాలు చదవాలి.

7. ఒక స్థాయిని ఎంచుకోండి

పై అంచెల్లో తేలినదాన్ని ఒకే ప్రశ్నగా మార్చండి: ఏ స్థాయిలో చేరితే రెండో ఏడాదికల్లా జట్టులో మొదటి ఎనిమిది మందిలో ఉంటాడు? ఆ స్థాయే అతనిది. ఏ కాలేజీ పేరు గొప్పది అన్న లెక్క ఇక్కడ తీసుకురాకండి.

డివిజన్ 1లో సుమారు 360 కాలేజీలున్నాయి. 2025-26 నుంచి, కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇచ్చే వీలు కల్పించిన కోర్టు ఒప్పందానికి ఒప్పుకున్న కాలేజీల్లో జట్టు పరిమితి 15 మంది. దానివల్ల స్కాలర్‌షిప్ లేకుండా చేరేవారికి ఉన్న చోటు కుంచించుకుపోయింది. డివిజన్ 2లో పది పూర్తి స్కాలర్‌షిప్‌ల మొత్తాన్ని ఆటగాళ్ళ మధ్య పంచుతారు కాబట్టి చాలామందికి పాక్షిక సహాయమే అందుతుంది. ఎన్‌సీఏఏకు వేరుగా చిన్న కాలేజీల క్రీడలను నడిపే ఎన్ఏఐఏలోని కాలేజీలు కూడా స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. రెండేళ్ళ జూనియర్ కాలేజీ శరీరం బలపడవలసినవారికి మంచి దారి; జిమీ బట్లర్ టెక్సాస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీ నుంచే మార్క్వెట్ విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి ఎన్‌బీఏకు వెళ్ళాడు.

తెలుగు తల్లిదండ్రులు చులకనగా చూసే డివిజన్ 3 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, నిజమే. ఐవీ లీగ్ డివిజన్ 1లో ఉన్నా అక్కడా ఉండదు. కానీ ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, కార్నెగీ మెలన్, విలియమ్స్, అమ్హర్స్ట్ అన్నీ డివిజన్ 3 జట్లే. న్యూయార్క్ యూనివర్సిటీ మహిళల జట్టు 2024లో ఒక్క ఆట కూడా ఓడకుండా డివిజన్ 3 ఛాంపియన్ అయింది, మరుసటి ఏడాది మళ్ళీ గెలిచింది. ఇలాంటి కాలేజీల్లో చాలాచోట్ల కోచ్ కోరితే పన్నెండో తరగతికి ముందు వేసవిలోనే అడ్మిషన్ల ఆఫీసు మార్కుల పత్రాన్ని ముందుగా పరిశీలించి అవకాశం ఎంతో చెబుతుంది. చదువులో ముందున్న, ఆటలో ఒక మోస్తరున్న పిల్లవాడికి బాస్కెట్‌బాల్ నిజంగా తెరిచే తలుపు ఇదే. ఆట కూడా అక్కడితో ముగిసిపోదు: డంకన్ రాబిన్సన్ విలియమ్స్‌లో ఒక ఏడాది ఆడి, మిషిగన్‌కు మారి, ఎన్‌బీఏ వరకు వెళ్ళాడు.

హెచ్-4, ఎఫ్-1 వీసాలపై ఉన్న పిల్లలు స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీలు ఇచ్చే డబ్బు, కాలేజీలే నేరుగా ఇస్తున్న డబ్బు మాత్రం ఉద్యోగం కింద లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఏ కాగితంపైనా సంతకం చేయించకండి.

8. కోచ్‌ల జవాబులతో సరిచూసుకోండి

పదిహేను కాలేజీలు ఎంచుకోండి: మీ అంచనాకు ఒక మెట్టు పైవి అయిదు, సరిగ్గా ఆ స్థాయివి అయిదు, ఒక మెట్టు కిందివి అయిదు. ఒక్కో జట్టు వివరాలు చూసి, వచ్చే ఏడాది అతని స్థానంలో ఎవరు వెళ్ళిపోతున్నారో, ఇప్పుడున్నవారిలో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చినవారెందరో లెక్కపెట్టండి. అందరూ ట్రాన్స్‌ఫర్లే అయితే ఆ కాలేజీని తీసేయండి.

ఈమెయిల్ పిల్లవాడే రాయాలి. ఏ ఏడాది హైస్కూలు ముగుస్తుంది, బూట్లు లేని ఎత్తు, వింగ్‌స్పాన్, జీపీఏ, ఒక పూర్తి ఆట లింకు, రాబోయే ఆటల తేదీలు ఉంటే చాలు. పురుషుల డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ముగిసిన తర్వాతి జూన్ 15కు ముందు జవాబివ్వడానికి నియమాలు ఒప్పుకోవు, కాబట్టి అంతకుముందు మౌనం చూసి కంగారుపడకండి.

జవాబులను ఇలా చదవండి. శిబిరానికి రమ్మనే ఆహ్వానం, ఆన్‌లైన్ ఫారం నింపమనే సందేశం దాదాపు అందరికీ వెళతాయి, వాటికి విలువ లేదు. మార్కుల పత్రం అడిగారంటే కొంత ఆసక్తి ఉన్నట్టు. మీ స్కూలు కోచ్‌కు ఫోన్ చేసినా, ఆటకు స్వయంగా వచ్చినా నిజమైన ఆసక్తి. ఎంత సహాయం, ఎన్నేళ్ళకు అన్నది కాగితంపై ఉంటేనే అది ఆఫర్. ఒకప్పటి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం చేసే పత్రం) 2024 అక్టోబర్‌లో రద్దయింది, ఇప్పుడు కాలేజీ ఆర్థిక సహాయ ఒప్పందమే లెక్క.

కింది అయిదూ ఆసక్తి చూపి, సరిగ్గా ఆ స్థాయివాటిలో ఒకటి రెండు స్పందిస్తే మీ అంచనా కొంచెం ఎక్కువగా ఉందని అర్థం. మధ్యవాటిలో మూడు నాలుగు స్పందిస్తే సరిగ్గా ఉంది. పదిహేనిట్లో ఏవీ స్పందించకపోతే వెంటనే డబ్బు తీసుకుని ప్రచారం చేసే రిక్రూటింగ్ సంస్థల దగ్గరకు పరుగెత్తకండి. వాళ్ళు చేసేది చాలావరకు ఇదే ఈమెయిల్‌ను వందలాది కాలేజీలకు పంపడం. ముందు వీడియో మార్చి, ఒక మెట్టు కింది స్థాయి జాబితాతో మళ్ళీ పంపండి.

కొలతలు, షూటింగ్ పరీక్ష, వీడియో పరిశీలన ఆరు నెలలకొకసారి మళ్ళీ చేయండి. రెండంగుళాల ఎత్తు, ఫ్రీ త్రోల్లో స్పష్టమైన మెరుగు, కొత్త స్థానంలో పూర్తి సీజన్: వీటిలో ఏదైనా వస్తే స్థాయిని తిరిగి లెక్కించాలి. ఒక టోర్నమెంట్‌లో ముప్పై పాయింట్లు చేసినంతమాత్రాన మార్చకండి.

పన్నెండో తరగతి సీజన్ ముగిసినా ఏదీ కుదరకపోతే, చదువు కోసం ఎంచుకున్న కాలేజీలోనే చేరి, ఆటకు ఇతర దారులు వెతకవచ్చు. డివిజన్ 3 జట్లలో చాలావరకు అక్టోబర్‌లో ఎంపిక పరీక్షలు పెడతాయి. పెద్ద కాలేజీల్లో మహిళల జట్లు సాధన కోసం అబ్బాయిలను తీసుకుంటాయి. వారు పూర్తికాల విద్యార్థులై, ఎన్‌సీఏఏ అర్హత నియమాలకు లోబడి ఉండాలి. రోజూ అత్యుత్తమ శిక్షకుల మధ్య ఆడతారు. ఆ అవకాశం కోసం కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే మహిళల జట్టు సహాయ కోచ్‌కు ఈమెయిల్ రాయాలి, ఎందుకంటే ఆ కొద్ది చోట్లూ త్వరగా నిండిపోతాయి.